జాకీ ఎక్కడుంది బామ్మర్దీ?

ఫలానా హీరోని జాకీలేసి లేపుతున్నారని మీమ్స్ పేజీల్లో రోజూ చదువుతుంటాం. ఆ జాకీ బరువెంతో మాత్రం ఎవరూ చెప్పరు. మా రాంగ్లర్ వెనక బిగించి ఉన్నది 13 కిలోలు. నాలుగడుగుల ఉక్కు కడ్డీ, దాని నిండా వరసగా రంధ్రాలు. ఒక్కో రంధ్రం పట్టుకుని పైకి పాకే మెకానిజం. దాన్ని ఆడించడానికి పొడవాటి రాడ్. అంతే.

దీన్ని హై-లిఫ్ట్ జాక్ అంటారు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో 1905లో దీని తయారీ మొదలైంది. మొదట్నుంచీ ఇది రైతుల సామాను. కంచె గుంజలు పీకడానికి, కూరుకుపోయిన బళ్ళు లేపడానికి వాడేవాళ్ళు. ఫార్మ్ జాక్ అనే పేరు ఇంకా అలాగే ఉంది. తర్వాత జీపుల వాళ్ళు ఎత్తుకున్నారు. కారణం సింపుల్. పెద్ద టైర్లేసి, సస్పెన్షన్ పెంచిన బండికి కంపెనీ ఇచ్చిన చిన్న జాకీ అందదు. అందినా నాలుగంగుళాలు లేపి చేతులెత్తేస్తుంది.

ఇన్‌స్టాలో ఆఫ్‌రోడ్ బండి ఫొటో ఏది చూసినా ఈ జాకీ కనబడుతుంది. బానెట్ మీద, టాప్ మీద, పక్కన, వెనక. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ 13 కిలోల ఇనుముని కదిలే బండి మీద ఎక్కడ పెట్టాలన్నది అందం గురించిన ప్రశ్న కాదు. మోయాబ్ వెళ్ళొచ్చాక ఈ మాట గట్టిగా చెప్పగలను.

వంద మైళ్ళు, ఒక్క కొళాయి లేదు

మేముండేది డెన్వర్‌లో. అక్కడ్నుంచి యూటా రాష్ట్రంలోని మోయాబ్ దాదాపు 350 మైళ్ళు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ఎర్రరాళ్ళు మొదలవుతాయి. మాది అనంతపురం జిల్లా కాబట్టి ఎర్రమట్టి, ఎండ, బండరాళ్ళు నాకు కొత్త కాదు. కానీ ఇక్కడ రాయే ఊరు, రాయే గోడ, రాయే రోడ్డు.

1950ల్లో ఈ ఊరికి యురేనియం పిచ్చి పట్టింది. 1952లో చార్లీ స్టీన్ అనే ఆయన దగ్గర్లోనే పెద్ద నిక్షేపం కనిపెట్టాక జనం జీపులేసుకుని ఎగబడ్డారు. ఆ ఖనిజం కోసమే అమెరికా అణుశక్తి కమిషన్ కొండల కింద ఒక మట్టిరోడ్డు వేయించింది. అదే వైట్ రిమ్ రోడ్డు. యురేనియం మోజు పోయింది, రోడ్డు మిగిలింది. 1964లో ఆ ప్రాంతం కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్క్ అయింది. 1967 నుంచి మోయాబ్‌లో ఈస్టర్‌కి జీపుల జాతర జరుగుతోంది.

వైట్ రిమ్ పొడవు 100 మైళ్ళు. ఐలాండ్ ఇన్ ద స్కై అనే పీఠభూమి చుట్టూ, దానికి వెయ్యి అడుగులకు పైగా కింద, తెల్లటి రాతి అంచు మీద తిరుగుతుంది. ఆ అంచు కింద మళ్ళీ లోయలు. వాటి అడుగున ఒకవైపు కొలరాడో నది, ఇంకోవైపు గ్రీన్ నది. పర్మిట్ కావాలి. లో-రేంజ్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండే కావాలి. దారిలో తాగునీళ్ళు దొరకవు, పెట్రోలు దొరకదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. బండి ఆగిపోతే లాగించుకోవడానికి వెయ్యి డాలర్లు దాటుతుంది. అది కూడా కబురు అందాక.

నేనూ మా బావా అక్టోబర్‌లో మూడు రోజులు, రెండు రాత్రులకి పర్మిట్ తీసుకున్నాం. బావ అంటే మా అక్క మొగుడు. తాడిపత్రి మనిషి. వాళ్ళ నాన్న ఇరవై ఏళ్ళకి పైగా నాపరాయి లారీ నడిపాడు. ఆయన కుడి మణికట్టు ఈరోజుకీ పూర్తిగా తిరగదు. జాకీ రాడ్ దెబ్బ. అన్నం కలుపుకునేటప్పుడు చూస్తే తెలుస్తుంది. అందుకే జాకీ మాటెత్తితే బావ నవ్వడు.

బానెట్ మీదా? టాప్ మీదా? లోపలా?

ప్రయాణానికి నెల ముందు డెన్వర్ గరాజ్‌లో పంచాయితీ పెట్టాం. జాకీ చేతిలో పట్టుకుని బండి చుట్టూ ప్రదక్షిణం చేశాం.

ముందు బానెట్. ఫొటోల్లో బాగుండేది ఇక్కడే. తీయడం కూడా తేలిక. కానీ లోయ అంచున ముందు టైరు ఎక్కడుందో చూడాల్సిన సమయంలో కంటికి అడ్డంగా ఇనుప కడ్డీ ఉంటుంది. పలచటి రేకు మీద బరువు ఎగిరెగిరి పడుతుంటే మౌంట్ వదులవుతుంది. ఎదురుగా దేన్నైనా గుద్దితే అది అద్దం వైపే వస్తుంది. కొట్టేశాం.

తర్వాత టాప్. బురద తగలదు, దుమ్ము తక్కువ. కానీ ఇలాంటి బండికి బరువు ఎంత కిందుంటే అంత మంచిది. టాప్ మీద ఇప్పటికే టెంటుంది. ఇంకో 13 కిలోలు ఎక్కిస్తే, పక్కకి ఒరిగిన చోట ఆ బరువు కూడా పడేసే వైపే పనిచేస్తుంది. పైగా దించేటప్పుడు తల మీదుగా దించాలి. అలిసిపోయి, ఏటవాలు మీద నిలబడి ఆ పని చేయడం ఊహించుకోండి. అదీ కొట్టేశాం.

బండి లోపల పెట్టుకుంటే వానా లేదు, దుమ్మూ లేదు, దొంగ భయమూ లేదు. చాలామంది వెనక సీటు వెనక నేల మీద పడేసి బెల్టుతో కడతారు. అక్కడే అసలు ప్రమాదం. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి ఠక్కున ఆగిందనుకోండి. వదులుగా ఉన్న జాకీ అదే వేగంతో ముందుకొస్తుంది. 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు ఐదో అంతస్తు నుంచి 13 కిలోల ఇనుము తల మీద పడ్డంత దెబ్బ. లోపల పెట్టాలంటే ఛాసిస్‌కో, నేలలోని గట్టి ఉక్కుకో బోల్టులతో బిగించాల్సిందే. ఉత్త బెల్టు చాలదు. దానికి తోడు మా బండిలో వెనక భాగమంతా నీళ్ళ క్యాన్లు, వంట సామాను, ఐస్ పెట్టె. అవన్నీ దించితే గానీ జాకీ కనబడదు.

పక్కన, అంటే తలుపు కింద గానీ అద్దం పక్క స్తంభానికి గానీ పెడితే ముళ్ళకంపలకీ రాళ్ళకీ ముందు తగిలేది అదే.

ఇక మిగిలింది వెనక. రాంగ్లర్ వెనక తలుపు ఇప్పటికే స్టెప్నీ మోస్తుంది. మా 35 అంగుళాల టైరు రిమ్‌తో కలిపి ముప్పై కిలోలు దాటుతుంది. ఆ తలుపుకే జాకీ కూడా తగిలిస్తే కీళ్ళు అరిగి తలుపు కిందికి జారుతుంది. అందుకని తలుపుతో సంబంధం లేకుండా, ఛాసిస్‌కి బిగించిన ఉక్కు బంపర్ మీద విడిగా తిరిగే టైర్ క్యారియర్ పెట్టించాం. జాకీ దాని మీద, నడుమెత్తులో, అడ్డంగా.

వెనక పెడితే ఒక లోటుంది. బండి పోతుంటే దుమ్మంతా సుడి తిరిగి వెనకే అతుక్కుంటుంది. ఈ జాకీకి ప్రాణం రెండు చిన్న పిన్నులు, వాటి స్ప్రింగులు. అక్కడ ఇసుక చేరితే పిన్ను రంధ్రంలోకి పూర్తిగా పోదు. అందుకే మెకానిజానికి జిప్పున్న తొడుగు వేశాం. గ్రీజు పూయలేదు. గ్రీజుకి ఇసుక బెల్లానికి చీమల్లా పడుతుంది. పలచటి నూనె పూసి, పొడి గుడ్డతో తుడిచేశాం.

బిగించిన పద్ధతి కూడా చెప్తాను. జాకీ కడ్డీకి ఉన్న రంధ్రాల్లోంచే రెండు పెద్ద బోల్టులు వేశాం. ఒకదానికొకటి దూరంగా, ఒకటి బరువైన మెకానిజానికి దగ్గరగా. మధ్యలో రబ్బరు వాషర్లు. స్పానర్ అవసరం లేకుండా చేత్తో తిప్పే పెద్ద నాబ్‌లు, ఒకదానికి తాళం. రాడ్ విడిగా ఊగకుండా కడ్డీకి రబ్బరు క్లిప్. నంబర్ ప్లేటుకీ, లైట్లకీ, వెనక కెమెరాకీ అడ్డం లేదని చూసుకున్నాం.

అంతా అయ్యాక బావ గరాజ్‌లో లైటు ఆర్పేశాడు.

"ఇప్పుడు తియ్యి బామ్మర్దీ."

"చీకట్లోనా బావా?"

"మా నాయన లారీలో జాకీ యాడుండేదో క్లీనర్ పిల్లోనికి నిద్దర్లో లేపి అడిగినా తెలుసు. సీకట్లో సెయ్యి పెడితే తగలాల. ఒక్కడివే తియ్యగలగాల. తీసేదాకా అది ఒక్క నూలు కదలగూడదు. ఈ మూడూ ఉంటే యాడైనా పెట్టుకో."

రెండున్నర నిమిషాలు పట్టింది. "సాల్లే" అన్నాడు.

రెండో రోజు సాయంత్రం

మొదటి రోజు షేఫర్ ట్రయల్ దిగాం. కొండ ముఖానికి వేలాడదీసిన మెట్లలా ఉంటాయి ఆ మలుపులు. కిందికి దిగాక రోడ్డు చదునే. కానీ రాతి మీద గంటల తరబడి వణుకు. టీ గ్లాసు పట్టుకోలేం. రాత్రి క్యాంపులో బావ చేసిన మొదటి పని టార్చి పట్టుకుని బోల్టులు తిప్పి చూడటం. ఒక నాబ్ పావు చుట్టు వదులైంది. బిగించాడు. రోజూ సాయంత్రం ఈ పని చెయ్యాలని అప్పుడే రూలు పెట్టుకున్నాం.

రెండో రోజు సాయంత్రం నాలుగు దాటింది. మర్ఫీ హాగ్‌బ్యాక్ అనే నిటారు ఎక్కుడికి కాస్త ముందు, మలుపులో ఒక పాత పికప్ ట్రక్కు. కుడి వెనక టైరు వాననీరు కోసిన కాలువలోకి జారిపోయింది. బండి కుడివైపు మొత్తం రాతిగోడకి ఒరిగిపోయింది. పక్కన ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి. పన్నెండేళ్ళ మనవడు. మధ్యాహ్నం నుంచి అక్కడే ఉన్నారట. వాళ్ళ దగ్గర మిగిలిన నీళ్ళు రెండు సీసాలు. పిల్లాడి పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

నీళ్ళిచ్చాక బావ అడిగిన మొదటి ప్రశ్న, మీ దగ్గర జాకీ లేదా అని. పెద్దాయన గోడ వైపు చూపించాడు. ఉంది. మా దానిలాంటిదే. ట్రక్కు తొట్టికి కుడిపక్కన బయటి వైపు బిగించి ఉంది. ఇప్పుడది బండికీ రాయికీ మధ్య ఇరుక్కుపోయింది. వేలు కూడా దూరే సందు లేదు. పొద్దుటి దాకా చక్కగా ఎదురుగా కనబడిన వస్తువే. బండి లేపాలంటే జాకీ కావాలి, జాకీ రావాలంటే బండి లేవాలి.

లాగుదామంటే గోడకి రాసుకుంటూ టైరు ఇంకా లోపలికి దిగేలా ఉంది. ముందు లేపాల్సిందే.

మా జాకీ రెండు నిమిషాల్లో దిగింది. అసలు పని అప్పుడు మొదలైంది. బావ తొందరపడలేదు. ట్రక్కు హ్యాండ్‌బ్రేక్ వేయించాడు. మిగతా టైర్లకి మేం తెచ్చుకున్న చెక్కలు అడ్డం పెట్టాడు. జాకీ అడుగు అరచేయంత ఉంటుంది. ఇసుకలో అది సూదిలా దిగిపోతుంది. అందుకని కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేశాం. జాకీ నాలుకని వెనక ఉక్కు బంపర్ కుడి చివర కిందికి ఆనించాం.

ఒక్కో పంపుకి ఒక్కో రంధ్రం. టక్, టక్. బంపర్ అరడుగు లేచింది. టైరు మాత్రం కదల్లేదు. పెద్ద సస్పెన్షన్ బళ్ళతో ఇదే తంటా. బాడీ లేస్తుంది, స్ప్రింగు సాగుతుంది, టైరు నేల మీదే ఉంటుంది. ఇంకా ఇంకా లేపితే జాకీ పొడవై, పక్కకి ఒరగడం మొదలెడుతుంది. బావ మళ్ళీ కిందికి దించి, ఇరుసునీ పై ఫ్రేమునీ కలిపి గట్టి పట్టీతో బిగించాడు. కిందకి దూరలేదు. బయట కూర్చుని, కొక్కెమున్న కర్రతో పట్టీ లాక్కున్నాడు. ఈ జాకీ మీద నిలబెట్టిన బండి కింద తల కాదు, చెయ్యి కూడా పెట్టకూడదు. ఈసారి బంపర్‌తో పాటు టైరూ లేచింది. కాలువలోకి ట్రాక్షన్ బోర్డు తోశాం.

దించేటప్పుడే భయం

ఎక్కించడంలో చెమట పడుతుంది. దించడంలో ఎముక విరుగుతుంది. జాకీ మీదున్న చిన్న మీట దించితే అదే మెకానిజం రివర్స్‌లో పనిచేస్తుంది. అప్పుడు పైనున్న బరువంతా రాడ్‌ని పైకి తన్నడానికి చూస్తుంటుంది. చెయ్యి జారిందా, రాడ్ దానంతటదే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. దవడ ఉన్నా అదే దెబ్బ, మణికట్టు ఉన్నా అదే దెబ్బ. అందుకే మీట తిప్పే ముందు రాడ్ కడ్డీకి నిటారుగా ఆనుకుని ఉండాలి. తల ఎప్పుడూ రాడ్ తిరిగే దారిలో ఉండకూడదు. రెండు చేతులూ రాడ్ మీదే ఉండాలి.

పిల్లాడికి ఇదంతా సినిమాలా ఉంది. బాగా కనబడాలని రాడ్ దగ్గరికి ముఖం తెచ్చాడు. బావ పని ఆపేశాడు. కేకలెయ్యలేదు. రాడ్ కడ్డీకి ఆనించి, క్లిప్పేసి, వాణ్ణి పది అడుగులు వెనక్కి తీసుకెళ్ళి ఒక రాయి చూపించి, ఆ రాయి దాటకూడదని చెప్పాడు. తర్వాత తన మణికట్టు పట్టుకుని, కొంచెమే తిప్పి చూపించాడు, వాళ్ళ నాన్నకి తిరిగేంత. నాకు అర్థమైంది. పిల్లాడికీ అర్థమైనట్టే ఉంది. ఆ రాయి దాటలేదు.

టక్, టక్. టైరు బోర్డు మీద కూర్చుంది. పెద్దాయన లో-రేంజ్ వేసి మెల్లగా ముందుకి కదిపాడు. ట్రక్కు గోడని వదిలి రోడ్డెక్కింది. అప్పటికి రాళ్ళు ఎరుపు నుంచి ఊదాలోకి మారుతున్నాయి.

గోడ వదిలాక ఆయన జాకీ బయటపడింది. తీసి చూశాం. పిన్నులు తుప్పుతో, ఎండిన బురదతో బిగుసుకుపోయాయి. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉందట. చేతికి అందే ఉంటే కూడా పనిచేసేది కాదు. ఆయన ఏమీ మాట్లాడలేదు. దాన్ని విప్పి తొట్టిలో బోల్టులేసి కట్టడానికి చోటుందా అని చేత్తో కొలుచుకుంటూ నిలబడ్డాడు. బావ మా నూనె సీసా ఆయనకిచ్చేశాడు.

కడిగితేనే ప్రయాణం అయినట్టు

మూడో రోజు గ్రీన్ నది పక్కనుంచి వచ్చి, మినరల్ బాటమ్ మలుపులెక్కి పైకొచ్చాం. మోయాబ్‌లో తిండికంటే ముందు కార్ వాష్. జాకీ దించి, తొడుగు తీసి, పిన్నుల్లోకి నీళ్ళు కొట్టాం. ఎర్రటి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎండలో ఆరబెట్టి, కొత్త నూనె సీసా కొని పూసి, మెకానిజాన్ని కడ్డీ మీద పైనుంచి కిందకి రెండుసార్లు నడిపించాం. స్ప్రింగులు టక్కున పడుతున్నాయో లేదో విన్నాం. బరువు మితిమీరితే తానే తెగిపోయి మిగతా జాకీని కాపాడే చిన్న బోల్టొకటి ఇందులో ఉంటుంది. అది చెక్కుచెదరలేదని చూశాం. అది తెగితే దొరికిన బోల్టేదో వేయకూడదు. సరిగ్గా అలాంటిదే తెచ్చి వేయాలి.

డెన్వర్ వచ్చాక ఈ ఫొటోలు వాట్సాప్‌లో పెడితే హైదరాబాద్ నుంచి ఒక ఫ్రెండ్ తన కొత్త థార్ ఫొటో పంపాడు. బానెట్ మీద మెరిసిపోతున్న ఫార్మ్ జాక్. మారేడుమిల్లి వెళ్తున్నాడట. "ఎలా ఉంది?" అన్నాడు. బావకి చూపించా. బావ ఫోన్ తీసుకుని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"బాగుండాది తమ్ముడూ. కానీ నీ బండి బంపర్ ప్లాస్టిక్‌ది. జాకీ నాలుక యాడ పెడతావు? పెట్టినావంటే బంపర్ ఊడి చేతికొస్తాది. టైరు రిమ్‌కి తగిలించి లేపే కొక్కెం ఉంటాది, అది కొనుక్కో. లేదంటే పక్కన ఛాసిస్‌కి గట్టి ఉక్కు స్లైడర్లు ఉండాల. ముందర పెద్ద ఇనుప గార్డు ఏపించుకోవాలని చూడొద్దు, 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వాటి మీద చర్యలు తీసుకోమని రాష్ట్రాలకి చెప్పింది. బండికి ఏం బిగించినా ముందు ఆర్టీవో రూల్సు కనుక్కో. ఇవేం లేవంటే ఆ జాకీ ఇంట్లో పెట్టి, కంపెనీ జాకీ, ఒక గట్టి చెక్క, లాగే తాడు తీసుకుపో. ఇంకో బండిని తోడు తీసుకుపో."

అవతల్నుంచి చాలాసేపు రెండు బ్లూ టిక్కులే. తర్వాత ఒక మెసేజ్ వచ్చింది.

"అన్నా, ఆ కొక్కేన్ని ఏమని అడగాలి షాపులో?"